అన్నదమ్ముల అరచేతులు

2012 వేసవి. శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఒక చిన్న ఆసుపత్రి. అందులో చర్మవ్యాధుల డాక్టరుగా చేరి అప్పటికి నాకు నాలుగేళ్లు. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాదే నేనూ ఇక్కడికి వచ్చాను. దానికి రన్‌వే దక్కింది, నాకు రోడ్డు మీది దుమ్ము దక్కింది.

చర్మం డాక్టరుని చాలామంది సగం డాక్టరుగానే లెక్కేస్తారు. "పెద్దగా ఏం లేదు మేడం, పైపైన చూసి ఒక ట్యూబు రాసేయండి" అంటూ లోపలికి వస్తారు. పెళ్లి భోజనాల్లో ఎదుటి వరసలోంచి లేచొచ్చి ప్యాంటు మడిచి తామర చూపించినవాళ్లున్నారు. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే కుర్రాళ్లు, రోజంతా బూట్లలో కాళ్లు నాని వేళ్ల మధ్య పాచిపోయినవాళ్లు. తర్వాత క్యాబ్ డ్రైవర్లు. ఆ తర్వాత, పెళ్లి వారంలో ఉందనగా తెల్లబడాలని వచ్చే అమ్మాయిలు. కరెంటు పోయేది, ఫ్యాను ఆగేది, వాళ్ల వెనకాల ఇంకో పదిమంది బెంచీ మీద కూర్చుని చీటీలతో విసురుకుంటూ ఉండేవారు. నిజం చెప్పాలంటే నేను బాగా అలిసిపోయి ఉన్నాను. ఏ జబ్బు చూసినా ఇదివరకు చూసిందే అనిపించేది.

అలాంటి ఒక మధ్యాహ్నం శ్రావణి వచ్చింది. పెళ్లికి ముందు ఎయిర్‌పోర్టులో టికెట్ కౌంటర్‌లో పనిచేసేదట. చేతిలో మూడు నెలల ఆడపిల్ల. వెంట వాళ్లమ్మ విజయలక్ష్మిగారు. వాళ్లది కోస్తా వైపు కుటుంబం, అత్తాపూర్‌లో స్థిరపడ్డారు. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ఆటోలను రానివ్వరు కాబట్టి కింద స్తంభాల మధ్య ట్రాఫిక్‌లో ఎండకు మాడుతూ వచ్చారు.

"అత్తాపూర్‌లో ఇంతమంది డాక్టర్లుండగా ఇంత దూరం ఎందుకొచ్చారండీ?" అని అడిగాను.

విజయలక్ష్మిగారు మూతి బిగించి అన్నారు. "మా వియ్యంకుడుగారు మా వైపు డాక్టర్ల మాట నమ్మరటండీ. వాళ్ల ఊరి దగ్గర డాక్టరు చెప్పాలట. అందుకని."

పాప పిడికిలి మెల్లగా విప్పి చూశాను. అరచేయి మొత్తం పసుపు రంగులో, మైనం పూసినట్టు మందంగా ఉంది. మణికట్టు దగ్గర ఆ మందం గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ గీత వెంబడి సన్నటి ఎర్రటి అంచు. అరికాళ్లూ అంతే. మిగతా ఒళ్లంతా వెన్నలా ఉంది.

"నీళ్లు పోసే ఆవిణ్ణి మార్చాం, సున్నిపిండి మానేశాం, నూనె మార్చాం. అయినా తగ్గలేదు" అన్నారు విజయలక్ష్మిగారు. "వాళ్లేమంటున్నారో తెలుసా అండీ? మేం మరిగే నీళ్లు పోసి పిల్ల చేతులు ఉడకబెట్టామట. ఏదో ఆకు పసరు రాశామట. నేను ముగ్గురు పిల్లల్ని పెంచినదాన్ని."

తల్లి కళ్లు తుడుచుకుంటుంటే శ్రావణి నెమ్మదిగా చెప్పింది. "మావయ్యగారికి అందరి చేతులూ పట్టుకుని చూడటం అలవాటండీ. కూలికి వచ్చినవాళ్లైనా, ఇంటికొచ్చిన చుట్టాలైనా. పాపని ఉయ్యాల్లో వేసిన రోజు దాని చెయ్యి పట్టుకుని అదిరిపడ్డారు. పసిపిల్ల చెయ్యి ఇలా ఎందుకుంటుంది, మీరేం చేశారు అని అందరి ముందూ అడిగారు. ఏం చేశామో చెప్పేదాకా నేనూ పాపా ఆ గడప తొక్కక్కర్లేదన్నారు."

"మీ ఆయన ఏమంటున్నారు?"

"ఆదివారం వస్తారు. పాపని ఎత్తుకుంటారు. నాన్నకి ఎదురు చెప్పలేరు." పాప పిడికిలి మళ్లీ ముడిచి, "నేనే ఏదైనా తప్పు చేశానేమోనని రోజూ గుర్తు చేసుకుంటూనే ఉన్నానండీ" అంది.

అప్పుడు అడిగాను, వాళ్లాయన చేతులెలా ఉంటాయని. "గరుకుగా ఉంటాయి. కార్గోలో డబ్బాలు మోసే పని కదండీ" అంది. అరికాళ్ల సంగతి అడిగితే ఆలోచనలో పడింది. ఇంట్లో కూడా సాక్సు విప్పడట. మడమలు పగిలి చూడటానికి బాగుండవని అనేవాడట. అతన్నీ, వాళ్ల నాన్ననీ ఇద్దర్నీ తీసుకురమ్మని చెప్పి పంపాను. "మీ మావయ్యగారు తప్పకుండా రావాలి" అని రెండుసార్లు చెప్పాను.

ఇక్కడ కొంచెం చర్మం గురించి చెప్పాలి. మన చర్మం అడుగున ఎప్పుడూ కొత్త కణాలు పుడుతుంటాయి. పుట్టిన ప్రతి కణమూ మెల్లగా పైకి జరుగుతుంది. జరుగుతూ జరుగుతూ తన నిండా కెరటిన్ అనే పోగుల్ని నింపుకుంటుంది. గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే గట్టి పదార్థం అదే. పైకి చేరేసరికి కణం చచ్చిపోయి, గట్టి పొలుసుగా మారి, మనకు పైపొరగా ఉండి, కొన్నాళ్లకు రాలిపోతుంది. మనం ముట్టుకునేదీ ముద్దు పెట్టుకునేదీ అంతా ఆ చచ్చిన పొరనే. కెరటిన్‌లో చాలా రకాలున్నాయి. అరచేతికీ అరికాలికీ మాత్రమే ప్రత్యేకంగా ఒక రకం ఉంది, రాపిడిని తట్టుకోవడానికి. ఆ రకాన్ని తయారు చేయించే జన్యువులో లోపముంటే పోగులు బలంగా అల్లుకోవు. కణాలు నిలవలేక చితికిపోతుంటాయి. చర్మం ఊరుకోదు కదా, ఆ లోటు పూడ్చాలని పొర మీద పొర వేస్తూనే ఉంటుంది. ఆ మందమే మేం పామోప్లాంటార్ కెరటోడెర్మా అని పిలిచే జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. జన్యు పరీక్ష ఆ రోజుల్లో మా దగ్గర ఎక్కడుంది? ఇంట్లోవాళ్ల చేతులు పక్కపక్కన పెట్టి చూడటమే మా పరీక్ష.

వారం తిరక్కుండా అందరూ వచ్చారు. శ్రావణి మామ పేరు అంజయ్య. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ఎయిర్‌పోర్టు కోసం పొలం పోయినవాళ్లలో ఒకడు. కొడుకు శ్రీకాంత్ వెనకాల నిలబడ్డాడు. విజయలక్ష్మిగారిని చూసి అంజయ్య పలకరించలేదు. కుర్చీ నా వైపు జరుపుకుని కూర్చున్నాడు.

"నన్నెందుకు పిలిచిండ్రు డాక్టరమ్మా? నాకేం రోగం లేదు. రోగం మా మనవరాలికి. ఏం జేసిండ్రో వాళ్లనడుగుండ్రి."

"మీ చేతులొకసారి చూపిస్తారా?"

ఆ మాటకు ఆయన ముఖం విప్పారింది. రెండు చేతులూ నా బల్ల మీద పరిచాడు. "చూడుండ్రి. ఇవి దున్నిన చేతులు. భూమి పోయి ఎన్నేండ్లాయె, నాగలి ముట్టిందే లేదు. అయినా జర ముట్టుకొని చూడు, ఒక్కింతన్న మెత్తవడ్డయా? అసలు కష్టమంటే గిట్లుంటది. పోయేది కాదు."

నాకు అక్కడే తెలిసిపోయింది. ఆయన గర్వంగా చూపించిన సాక్ష్యమే ఆయనకు ఎదురు తిరిగింది. పనివల్ల కాచిన కాయ పని ఆపితే కొన్ని నెలల్లో కరిగిపోతుంది. పైగా అది పార పిడి ఒత్తుకున్న చోటే కాస్తుంది, అరచేయంతా కాయదు. అంజయ్య అరచేయి అంచు నుంచి అంచు దాకా పసుపు పచ్చగా ఉంది. మణికట్టు దగ్గర అదే ఎర్ర గీత.

చెప్పులు విప్పమన్నాను. అరికాలు మధ్యలో గుంట ఉంటుంది చూడండి, నేలకు ఆననిచోటు, అక్కడ వేలు పెట్టి చూశాను. అక్కడా అంతే మందం.

"పెద్దాయనా, ఈ చోటు నేలకు తగలదు కదా. ఇక్కడెందుకు గట్టిపడింది?"

ఆయన వంగి తన కాలు తాను చూసుకున్నాడు.

"మీ నాన్నగారివి ఎలా ఉండేవి?"

"మా నాయినవా? ఇంతకన్న గట్టివి. పొయ్యిలకెళ్లి నిప్పు చేత్తోని తీసి చుట్ట ముట్టించెటోడు. ఊరంత చెప్పుకునేది."

శ్రీకాంత్ చెయ్యి కూడా తండ్రి చేతి పక్కన బల్ల మీద పెట్టించాను. వాటి మధ్య పాప చెయ్యి పెట్టాను. మూడు తరాల చేతులు, మూడింటికీ ఒకటే రంగు, ఒకటే గీత. నాకు ఎండా, అలసటా, పొద్దుటినుంచి కరెంటు లేని చిరాకూ అన్నీ కలిసి మాట కొంచెం కటువుగానే వచ్చింది. "ఈ పాప ఏ పొలం దున్నింది, చెప్పండి" అన్నాను.

నేనే కాస్త తగ్గి, నులక మంచంతో పోల్చి వివరించాను. నులకలో పురి సరిగా ఎక్కకపోతే మంచం కుంగిపోతుంది, కుంగినప్పుడల్లా దాని మీద ఇంకో వరస అల్లుతూ పోతే మందమవుతుంది కానీ బాగుపడదు, మీ ఇంటి చర్మం కూడా అంతే అని చెప్పాను. ఎవరూ కాల్చలేదు, ఎవరూ పసరు రాయలేదు, ఇది తండ్రి వైపు నుంచి వచ్చింది అని చెప్పాను.

"అంటే ఇది రోగమా? కొడుకుని పసిగున్నప్పుడు ఎత్తుకున్నదే లేదు, వాని చేతులు నేనెన్నడు చూడలే" అన్నాడు అంజయ్య.

"పుట్టుకతో వచ్చేది. ప్రాణానికేం కాదు. మెత్తబడటానికి మందులున్నాయి."

"మా నాయినది గూడ గిదేనా? కష్టం కాదా?"

"ఆయన కష్టపడలేదని నేననడం లేదు. చేతులు గట్టిపడింది మాత్రం కష్టం వల్ల కాదు."

అంజయ్య రెండు చేతులూ వెనక్కి తీసుకుని, తువ్వాలు కప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. అలాగే లేచి, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. శ్రీకాంత్ వెనకాలే పరిగెత్తాడు.

విజయలక్ష్మిగారు పైకి చేతులెత్తి దండం పెట్టారు. శ్రావణి ముఖంలో మాత్రం తేలిక కనబడలేదు. "డాక్టరుగారూ, మీరు చెప్పారు సరే. ఆయన నోటితో ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా నేను ఆ ఇంటికి వెళితే, పాప చెయ్యి చూసిన ప్రతిసారీ నా వంకే చూస్తారు. అలా ఎన్నేళ్లు బతకను?" అంది. నిజం చెప్పేస్తే నా పని అయిపోతుందనే చదువు చదువుకున్నాను.

తర్వాత కొన్ని వారాలు పాపను చూపించడానికి తల్లీకూతుళ్లు అత్తాపూర్ నుంచే వచ్చిపోయారు. పసిపిల్లలకు గట్టి మందులు వాడకూడదు, చర్మంలోంచి ఒంట్లోకి ఇంకుతాయి. అందుకని స్నానం కాగానే తడి ఆరకుండా రాయమని మామూలు ఆయింట్‌మెంట్ ఒకటి ఇచ్చాను. శ్రీకాంత్ కూడా డ్యూటీ దిగి విడిగా వచ్చేవాడు. అతనికి పొర కరిగించే మందు రాసి, వేడినీళ్లలో నానబెట్టి గీసుకోవడం నేర్పాను. పగుళ్లు మానాయి. మొదటిసారి సాక్సు లేకుండా చెప్పులతో వచ్చిన రోజు చిన్నపిల్లాడిలా కాళ్లు చూపించాడు.

"మీ నాన్న?" అని అడిగాను.

"మాట్లాడ్తలేడు మేడం. అన్నం తిని బయట అరుగు మీద కూసుంటడు. చేతులు చూసుకుంటడు. ఇగ శ్రావణిని తీసుకొస్త నాయినా అంటే, ఊ అనడు, ఆ అనడు."

నాకు కోపం వచ్చింది. ముసలాయన పంతం కోసం ఒక పిల్ల పుట్టింట్లో నింద మోస్తూ కూర్చుంది. నాలుగు మాటలు అనాలని ఉండేది, కానీ ఎవర్ని అనాలి? ఎదురుగా ఉన్నది శ్రీకాంత్. అతన్ని అని ఏం లాభం?

వానలు మొదలయ్యాయి. ఒకరోజు ఓపీ అయిపోయి, టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా తలుపు తోసుకుని అంజయ్య వచ్చాడు. ఒక బక్కపల్చటి మనిషిని జబ్బ పట్టుకుని లాక్కొస్తున్నాడు. ఆ మనిషి చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"ఈడు నా తమ్ముడు, రాములు. వీని చేతులు జర చూడుండ్రి."

రాములు సిగ్గుపడిపోయాడు. "నాకేం లేదమ్మా. తుక్కుగూడ కాడ కూరగాయల తోటల పనిజేస్తున్న. నడుమ పని ఇడిపిచ్చి గుంజుకొచ్చిండు. అన్నకు ఏమైందో ఏమో."

డబ్బా మూత పెట్టేసి ఆయన చేతులు చూశాను. మణికట్టు దగ్గర గీత లేదు. అరచేయి మధ్యలో మెత్తగా, అందరి చర్మంలాగే ఉంది. వేళ్ల మొదట్లోనూ బొటనవేలి సందులోనూ చిన్న చిన్న కాయలు, సరిగ్గా పార పిడి ఒత్తుకునే చోట.

"ఈయనకు మీ ఇంటి జబ్బు రాలేదు. మామూలు చేతులు" అన్నాను.

"అది కాదు. పని చేసిన చేతులా, కాదా?"

"పని చేసిన చేతులే. రోజూ కష్టపడే మనిషి చేతులు ఇలాగే ఉంటాయి. కాయ ఇంతే కాస్తుంది, ఇంతకన్నా కాయదు."

"మళ్లొకపారి చెప్పుండ్రి. వానికి వినబడేటట్టు."

మళ్లీ చెప్పాను. అంజయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా నాయిన పొద్దుగూకంగనే ఇద్దరి చేతులు పట్టి చూసెటోడు డాక్టరమ్మా. నావి గట్టిగుండేటివి. వీనివి మెత్తగుండేటివి. వీడు పనిదొంగ అని చర్నాకోలతోని కొట్టెటోడు. నాగలి పట్టనియ్యలే వీణ్ణి. ఊరంత మెత్తోడు, మెత్తోడు అని పిలిచిండ్రు. నేను పక్కన నిలవడి నవ్వెటోన్ని. ఇద్దరం ఒక్క పొలంలనే చేసినం. శాన దినాలు నాకన్న వీడే ఎక్కువ చేసిండు. నేను కండ్లార చూసిన. చూసి గూడ, చేతులు మెత్తగున్నయ్ గద, ఏడనో ఎగ్గొడుతుండు అనుకున్న."

"అన్నా, ఇప్పుడవన్ని ఎందుకు" అన్నాడు రాములు.

"నువ్వాగు." అంజయ్య నా వైపు తిరిగాడు. "మీరు చెప్పిన్నాడే నాకు సమజైంది డాక్టరమ్మా. పిల్ల చేతులు మా రక్తంకెళ్లే వచ్చినయ్ అని. కోడలిది ఏం తప్పులేదని గూడ సమజైంది. కని ఆ మాట నోట్లకెళ్లి ఎల్లాలంటే, వీడు తిన్న దెబ్బలన్ని ఉత్తపుణ్యానికి తిన్నడని గూడ ఒప్పుకోవాలె గద. అది చాతగాలే నాకు. ఇగ రేపు అత్తాపూర్ పోయి కోడలిని, పిల్లని తోలుకొస్త. అంతకుముందుగాల వీనికి చెప్పాలె అనిపించింది. నేను చెప్తే ఎక్కిరిస్తున్న అనుకుంటడు. అందుకే మీ కాడికి తెచ్చిన."

రాములు తన అరచేతులు వెలుతురు వైపు తిప్పుకుని చూసుకున్నాడు. ఎప్పుడూ చూడనివాటిలా చూశాడు.

"మా అవ్వ పిండి విసిరే ఇసుర్రాయి ఉండేది అమ్మా" అన్నాడు నాతో. "అందరు పండుకున్నంక దానికి రుద్దుకునేటోన్ని, అన్న తీరుగ గట్టివడాలని. నెత్తురొచ్చేది. పొద్దుగాల పుండయ్యేది. కని గట్టివడేటివి కాదు." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "మా నాయినున్నప్పుడు మీరుంటే బాగుండు."

అంజయ్య తువ్వాలులో ముఖం దాచుకుని ఏడ్చాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. మా చదువులో ఏ పుస్తకంలోనూ ఆ జబ్బు రానివాడికి నొప్పి ఉంటుందని రాసి లేదు. రాసివ్వడానికి నా దగ్గర ఏ మందూ లేదు. టిఫిన్ డబ్బాలో ఉన్న పులిహోర ముగ్గురికీ కాగితాల్లో పెట్టాను. రాములు తిన్నాడు. అంజయ్య కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

తర్వాతి వారం శ్రావణి అత్తగారింటి నుంచే వచ్చింది. "మావయ్యగారు వచ్చారండీ. మా పక్క వాటాలవాళ్లందరూ బయటికొచ్చి చూస్తుంటే, ఇది మా ఇంటి చెయ్యి, మీ బిడ్డది ఏం తప్పులేదు, నన్ను మన్నించుండ్రి అని మా అమ్మకి చేతులు జోడించారు. పాపకి సాయంత్రం మందు ఆయనే రాస్తున్నారు" అని చెప్పింది. రాములు కూడా రోజూ పొద్దున్నే వచ్చి టీ తాగి పనికి వెళుతున్నాడట. అన్నదమ్ములిద్దరూ పెద్దగా మాట్లాడుకోరట, పక్కపక్కన కూర్చుంటారట.

ఆ తర్వాత కూడా నేను శంషాబాద్‌లోనే ఉన్నాను. అవే బూట్లలో నానిన కాళ్లు, అదే తెల్లబడే క్రీముల గోల, అదే అలసట. ఒక్కటి మాత్రం మారింది. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుతో ఎవరైనా వస్తే, మీ ఇంట్లో ఇది ఎవరెవరికి ఉందని అందరు డాక్టర్లలాగే అడుగుతాను. రాసుకున్నాక, ఎవరికి రాలేదని కూడా అడుగుతాను. వాళ్ల సంగతెందుకు మేడం, వాళ్లు బాగానే ఉన్నారుగా అంటారు. అప్పుడు పెన్ను పక్కన పెట్టి, వాళ్లని ఒకసారి తీసుకురండి అంటాను.